కర్పూరం ఆర్పిన చెయ్యి

పాత సస్పెన్స్ సినిమాల మీద గంటసేపు మాట్లాడమంటే నేను రెండు గంటలు మాట్లాడతాను. అదొక జబ్బు నాకు. అందులోనూ భక్తిపరులు చిక్కుల్లో పడే సినిమాలంటే మరీ ఇష్టం. హత్యని కళ్ళారా చూసి నోరు విప్పలేని పూజారి, దేవుడి ముందు మాటిచ్చి ఇరుక్కుపోయిన సన్యాసిని, అబద్ధమాడితే పాపం, నిజం చెబితే ద్రోహం అనుకుంటూ నలిగిపోయే ముసలాయన. వీళ్ళంతా నాకు చుట్టాలకంటే బాగా తెలుసని చెప్పుకునేవాణ్ణి. మా చుట్టాలు కూడా ఆ మాట ఒప్పుకుంటారు.

మాది బందరు. తాతా, నాన్నా ఇద్దరూ బడిపంతుళ్ళు. నేను గుడివాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు చెప్పి, ఈమధ్యే రిటైరయ్యాను. కాపురం గుడివాడలోనే అయినా నెలకో ఆదివారం బందరు వెళ్ళేవాణ్ణి. అక్కడ మాదొక చిన్న ఫిలిం క్లబ్బు. ఒక లైబ్రరీ మేడ మీద రేకుల షెడ్డులో సాయంత్రంపూట సినిమా వేసి, అయ్యాక దాని గురించి నేను మాట్లాడేవాణ్ణి. ఇరవై మంది వచ్చేవారు, అందులో సగం మంది టీ, సమోసా కోసం. హంతకుడెవరో ముందే చెప్పేయండి, మాకు బస్సుంది అనే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. నాన్న రెండు పూటలా సంధ్యావందనం చేసేవారు. నేను డిగ్రీకి వచ్చేసరికి దండం పెట్టడం కూడా మానేశాను. లేని దేవుడి గురించి ఇంత మాట్లాడతావేంట్రా అని నాన్న నవ్వేవారు. నాకు కావలసింది ఆయన్ని నమ్మినవాళ్ళు పడే తిప్పలేనండీ అనేవాణ్ణి. ఆ మాట చాలా గొప్పగా ఉందని అప్పట్లో అనుకున్నాను. ఇప్పుడు గుర్తొస్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

మూడేళ్ళ కిందట, వానలు ఇంకా వదలని అక్టోబరులో, ఒక ఆదివారం క్లబ్బు ప్రొజెక్టరు పాడయింది. కాలేజీ ఆఫీసు గదిలో ఒక చిన్న ప్రొజెక్టరు ఉండేది. కరెస్పాండెంటుగారిని అడిగితే ఇచ్చేవారే. అడగడం నాకు నామోషీ. ఆ గది తాళాలు ముగ్గురి దగ్గర ఉండేవి. ఒకటి గుమాస్తా దగ్గర, ఒకటి ఆయమ్మ దగ్గర, ఒకటి సీనియర్నని నా దగ్గర. మధ్యాహ్నం వెళ్ళి తలుపు తీశాను. కరెంటు లేదు. గది చీకటిగా ఉంటే కిటికీ తెరవబోయాను. గడియ బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో లాగితే గాని రాలేదు, వేలు నొప్పి పుట్టింది. ప్రొజెక్టరు వైరు ఒక కుర్చీ వెనక పడి ఉంది. ఆ కుర్చీలో అట్టపెట్టె నిండా పిల్లల పదో తరగతి సర్టిఫికెట్లున్నాయి, ఒరిజినల్స్. పెట్టె ఎత్తి కిటికీ కింది బల్ల మీద పెట్టి, వైరూ ప్రొజెక్టరూ సంచిలో వేసుకున్నాను. బస్సు టైమైపోతోందని తలుపుకి తాళం వేసి బయటపడ్డాను. కిటికీ సంగతి గుర్తు లేదు.

మెట్లు దిగుతుంటే ఆయమ్మ ఎదురైంది. మా కాలేజీలో గదులు ఊడ్చి, గంట కొట్టి, మంచినీళ్ళు పట్టే మనిషి. భర్త పోయి చాలాకాలమైంది. చర్చి నుంచి వస్తోంది, తెల్లచీర, చేతిలో గుడ్డసంచి.

"బందరా సార్? మబ్బు పట్టింది, గొడుగు తీసుకెళ్ళండి," అంది.

తలూపి వచ్చేశాను. గొడుగు తీసుకెళ్ళలేదు.

ఆ సాయంత్రం వేసినది ఏదో విదేశీ భాష సినిమా. రేవు పక్క ఊళ్ళో చర్చి గంట కొట్టే ఒకాయన, జబ్బుపడ్డ భార్య బతకాలని మౌనవ్రతం పడతాడు. ఆ వ్రతంలో ఉండగానే ఒక హత్య చూస్తాడు. నోరు విప్పితే భార్య పోతుందని ఆయన నమ్మకం. విప్పకపోతే ఏ పాపమూ ఎరగనివాడు ఉరికంబం ఎక్కుతాడు. సినిమా అయ్యేసరికి రేకుల మీద వాన దంచుతోంది. ఇలాంటి సినిమాకి ఇలాంటి వానే ఉండాలి అన్నాను, అందరూ నవ్వారు. ఆ చప్పుడులో గొంతు పెంచి నేను చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఇబ్బంది అంతా నమ్మకం ఉన్నవాడికేనండీ. లేనివాడిదేముంది, ఎటైనా తప్పుకుపోతాడు." చప్పట్లు కొట్టారు. నేను తలొంచి నమస్కారం పెట్టాను.

తిరుగు బస్సు పెడన దాటాక కిటికీ గుర్తొచ్చింది. వాన గుడివాడలో పడుతుందో లేదో అనుకున్నాను. పడినా జల్లు లోపలికి కొడుతుందో లేదో అనుకున్నాను. గుడివాడలో దిగాక కాలేజీ వైపు వెళ్ళొచ్చు. తడిసిపోయి ఉన్నాను, ఆకలేస్తోంది. పొద్దున్నే చూసుకోవచ్చులే అని ఇంటికెళ్ళి అన్నం తిన్నాను.

సోమవారం నేను వెళ్ళేసరికే గుమాస్తా తల పట్టుకుని కూర్చున్నాడు. పెట్టె అడుగు ఊడిపోయింది, కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దయ్యాయి. లామినేషన్ చేయించినవి మాత్రం మిగిలాయి. ఆయమ్మ ఒక్కొక్కటీ విడదీసి ఫ్యాను కింద పరుస్తోంది. ముద్రలన్నీ నీలంగా అలుక్కుపోయాయి. నా భుజానున్న సంచిలో ప్రొజెక్టరు ఉంది. దాన్ని స్టాఫ్‌రూములో బల్ల కిందికి తోసి, ఏం జరిగిందండీ అని అందరితోపాటు నేనూ అడిగాను.

కరెస్పాండెంటుగారిది మొవ్వ దగ్గర ఊరు. వరి పండించే కుటుంబం, తర్వాత కాలేజీ పెట్టారు. వాళ్ళ ఊళ్ళో దూడ తప్పిపోయినా, పొలంగట్టు జరిగిందని తగువొచ్చినా కర్పూరం ఆర్పిస్తే తేలిపోయేదట. తమలపాకు మీద కర్పూరం వెలిగించి, నేను చెప్పింది నిజం అంటూ కుడి అరచేత్తో ఆర్పాలి. అబద్ధంగా ఆర్పినవాడి ఇల్లు నిలవదని అక్కడ అందరికీ నమ్మకం. అందుకే అబద్ధంగా ఆర్పే ధైర్యం ఎవరికీ ఉండదు. ఆయన ముందు మమ్మల్ని మామూలుగానే అడిగారు. గుమాస్తా తనకి తెలియదన్నాడు. నేనూ తెలియదన్నాను.

"శనివారం సాయంత్రం నేను మూసే వెళ్ళానండి. గడియ కూడా పెట్టాను," అంది ఆయమ్మ.

"ఆదివారం ఎవరైనా వచ్చారా?" అన్నారాయన.

ఆవిడ నా వంక చూసింది. చెబుతుంది, చెప్పేస్తుంది అనుకున్నాను. ఏదో అనబోయింది. ఈలోగా ఆయనే లేచి, "ఎంక్వయిరీలు మనకెందుకండీ మాస్టారూ, దేవుడి ముందు తేల్చుకుందాం. తాళాలున్నది మీ ముగ్గురి దగ్గరేగా," అని వెంకటేశ్వరస్వామి పటం ముందున్న పళ్ళెం తెచ్చారు.

గుమాస్తా వణుకుతూ ఆర్పాడు. కిటికీ తియ్యకపోయినా వణికాడు. తర్వాత నా వంతు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు కలిగింది ఊరట. ఇంతేనా అనుకున్నాను. పోలీసులు కాదు, కెమెరాలు కాదు, ఒక కర్పూరం బిళ్ళ. దేవుడు లేడని నలభై ఏళ్ళుగా వాదిస్తున్న మనిషిని. ఆకు మీద అరచెయ్యి బోర్లించి, "కిటికీ నేను తీయలేదు," అన్నాను. గొంతు కూడా తొట్రుపడలేదు. చెయ్యి కూడా కాలలేదు. ఆయమ్మ నా చేతివంకే చూస్తూ ఉండిపోయింది.

చివరికి ఆవిడ వంతు వచ్చింది.

"మేము ఒట్టు వెయ్యకూడదండి," అంది.

"ఒట్టు కాదమ్మా, కిటికీ మూశానని చెప్పి ఆర్పు."

"అదీ ఒట్టేనండి. నేను మూశాననే అనుకుంటున్నానండి."

"ఇందాక మూశానన్నావు. ఇప్పుడు అనుకుంటున్నానంటున్నావు."

ఆవిడ పళ్ళెం ముట్టకుండా వెనక్కి జరిగింది. వాళ్ళ చర్చిలో ఒట్టు వెయ్యడం తప్పని ఆ గదిలో అందరికీ తెలుసు. అయినా ఆర్పనిది ఆవిడొక్కతే. సాయంత్రానికల్లా రేపట్నుంచి రావద్దని చెప్పేశారు. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి, "పిల్లల కాగితాలు మళ్ళీ ఇస్తారాండీ?" అని ఒక్కటే అడిగింది. ఇస్తారమ్మా, ఆలస్యమవుతుంది అంతే అని నేనే చెప్పాను. నాలుగడుగులు వేస్తే కరెస్పాండెంటుగారి గది. వెళ్ళలేదు. మర్నాడు ఎవరూ చూడకుండా ప్రొజెక్టరు యథాస్థానంలో పెట్టేశాను.

ఆవిడ నన్ను చూసింది కదా, ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న కొన్నాళ్ళు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. తర్వాత నాకు అలవాటైన పద్ధతిలోనే జవాబు దొరికించుకున్నాను. ఆవిడ భక్తురాలు. సాటిమనిషిని పట్టివ్వడం ఇష్టంలేక, ఆ తప్పు తన నెత్తినేసుకుంది. ఆ సినిమాలో చర్చి గంట కొట్టే ఆయన లాంటి మనిషి. అంత గొప్ప మనిషి చేసిన త్యాగాన్ని నేనిప్పుడు బయటపెట్టి పాడుచేయకూడదు. ఇలా సాగింది నా వాదం.

అక్కడితో ఆగినా బాగుండేది. ఏడాది తర్వాత బందరు క్లబ్బులో, సినిమా అయ్యాక, "నాకు తెలిసిన ఒకావిడ ఉంది" అని మొదలుపెట్టి ఆ కథంతా చెప్పాను. కిటికీ తీసినవాణ్ణి వేరే మనిషిని చేశాను. విశ్వాసం అంటే అదండీ అని ముగించాను. ముందువరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. హంతకుడెవరని అడిగే పెద్దమనిషి ఆ రోజు లేచి, "కిటికీ తీసినాయన ఏమయ్యాడండీ?" అన్నాడు. అది అనవసరం అన్నాను, కసిరినట్టుగానే.

నాలుగు నెలల కిందట రిటైరయ్యాను. శాలువా కప్పారు. నిజాయితీ గురించి కరెస్పాండెంటుగారు పది నిమిషాలు మాట్లాడారు. భోజనాల దగ్గర గుమాస్తా నా పక్కన కూర్చుని, ఆయమ్మ ఇప్పుడు దివిసీమలో, నాగాయలంక దగ్గర కూతురింట్లో ఉంటోందని చెప్పాడు. "మతిమరుపు వచ్చిందట పాపం. అప్పుడే మొదలైందేమో, మనం తెలుసుకోలేదు," అన్నాడు. వాళ్ళ ఊరి పేరు అడిగి రాసుకున్నాను. అయినా వెంటనే బయల్దేరలేదు. పింఛను కాగితాలనీ, ఎండలనీ మూడు నెలలు గడిపి, అప్పుడు వెళ్ళాను.

పామర్రులో బస్సు మారి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డలో దిగి, నాగాయలంక ఆటో ఎక్కాను. చెరువుల మధ్య ఊరు. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వరండాలో కూతురు కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతోంది. ఆయమ్మ పక్కన కూర్చుని హుక్సు కుడుతోంది. మనిషి ఏమీ మారలేదు. చూడగానే, "సార్, మీరా," అని లేచింది. గుడివాడలో ఎవరెవరు ఎలా ఉన్నారో పేరుపేరునా అడిగింది. అటెండర్లూ, లెక్చరర్లూ, ఎప్పుడో చదువుకుని వెళ్ళిపోయిన పిల్లలూ అందరూ ఆవిడకి గుర్తున్నారు. మతిమరుపెక్కడుందో నాకు అర్థం కాలేదు.

"కూర్చోండి సార్, టీ పెడతాను," అని లోపలికి వెళ్ళబోయింది.

"అమ్మా, నువ్వు స్టవ్వు దగ్గరికెళ్ళకు. నేను పెడతాను," అంది కూతురు. నావైపు తిరిగి గొంతు తగ్గించింది. "కాలేజీలో ఆ కిటికీ గొడవైన దగ్గర్నుంచీ మాకు భయం సార్. గ్యాసు కట్టెయ్యడం మర్చిపోతే ఏం చేస్తాం? అమ్మకే నమ్మకం పోయింది. తలుపేశానా, కుళాయి కట్టేశానా అని రోజుకి పదిసార్లు అడుగుతుంది."

ఇరవై ఏళ్ళు ఆవిడని నువ్వు అన్నవాణ్ణి, మీరు అనబోయి, అనడానికి కూడా సిగ్గేసి ఆగిపోయాను.

"ఆ ఆదివారం నన్ను మెట్ల మీద చూశావు కదమ్మా. ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. "చెబుదామనే అనుకున్నానండి. కిటికీ మీరే తీసుంటారని ఆ సోమవారం పొద్దున్నే అనిపించింది. కానీ మీరు చెయ్యి పెట్టి ఆర్పారు కదండీ."

"ఆర్పితే?"

"మా దేవుడు కాకపోతేనేమండీ. దేవుడి ముందు నిలబడి అబద్ధం ఎవరాడతారు, అందులోనూ మీలాంటివాళ్ళు? మీరు తీయలేదంటే నేనే మూయలేదన్నట్టే కదండీ. మూసినట్టు గుర్తుందే అని ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నానో. పిల్లల కాగితాలు పాడుచేశానని ఇప్పటికీ ప్రార్థన చేసుకుంటానండి."

నేను మూడేళ్ళు కట్టుకున్నదంతా అక్కడే కూలిపోయింది. త్యాగమూ లేదు, మౌనమూ లేదు. ఆవిడ నన్ను నమ్మింది, అంతే. నన్ను నమ్మడం కోసం తన జ్ఞాపకాన్ని తనే కాదనుకుంది.

"కిటికీ నేనే తీశానమ్మా. మూయకుండా వెళ్ళిపోయాను. కర్పూరం అబద్ధంగా ఆర్పాను," అన్నాను.

మిషను ఆగింది. ఆవిడ చేతిలో జాకెట్టు అలాగే ఉండిపోయింది. నన్ను తిడుతుందేమోనని చూశాను. ఆవిడ ఆలోచిస్తున్నది నా గురించి కాదు.

"అయితే నేను మూశాను," అంది.

"మూశావు."

"గడియ కూడా పెట్టాను."

"పెట్టావమ్మా. ఒక పట్టాన రాలేదు నాకు. వేలు నొప్పి పుట్టింది."

"అది అంతేనండి, గట్టిగా తొయ్యాలి," అని కూతురివైపు తిరిగింది. "విన్నావా? నేను మూశాను."

కూతురు నావైపు తిరిగింది. చిన్నప్పుడు అమ్మ వెంట కాలేజీకి వచ్చి వరండాలో కూర్చుని ఎక్కాలు రాసుకునేది ఈ పిల్లే. "మీరెప్పుడు రిటైరయ్యారు సార్?" అని అడిగింది.

"మూడు నెలలైంది."

"అంటే ఉద్యోగం అయ్యాక వచ్చారు."

అవునన్నాను.

"ఈ మాట కాలేజీలో చెప్పారా?"

"లేదు."

"అక్కడ చెప్పండి సార్. అమ్మ పేరు పోయింది అక్కడ." నా నంబరు ఫోనులో ఎక్కించుకుంది. తర్వాత మిషను మీద నుంచి లేవకుండానే, "అమ్మా, సార్‌కి టీ పెట్టు," అంది.

ఆవిడ లోపలికెళ్ళి టీ పెట్టింది. స్టవ్వు కట్టేసి, వెనక్కి తిరిగి చూసుకోకుండా గ్లాసు పట్టుకుని వచ్చింది. నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. టీ మాత్రం తాగాను, వద్దనడానికి మొహం చెల్లక.

మర్నాడే గుడివాడలో కరెస్పాండెంటుగారి దగ్గరికి వెళ్ళాను. ప్రొజెక్టరు, కరెంటు పోవడం, గడియ, పెట్టె, బస్సు, అన్నీ వరసగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. విని, నా భుజం మీద చెయ్యి వేశారు.

"మీ మనసు నాకు తెలుసు మాస్టారూ. ఆవిడకి ఒంట్లో బాగోలేదని గుమాస్తా చెప్పుంటాడు, మీకు జాలేసింది. కానీ మీరు ఆర్పారు కదండీ, నా కళ్ళతో చూశాను."

"అబద్ధంగా ఆర్పానండీ."

"అంత మాట అనకండి," అని పటం వైపు చూసి లెంపలు వేసుకున్నారు.

"నేను దేవుణ్ణి నమ్మనండీ. అందుకే ఆర్పగలిగాను."

"పైకి అలా అంటారు గాని మీ నాన్నగారి కొడుకు కదండీ మీరు."

"పోనీ ఇప్పుడు పళ్ళెం తెప్పించండి. మళ్ళీ ఆర్పి చెబుతాను."

"ఒకసారి ఆర్పినదాని మీద మళ్ళీ ఆర్పడం ఉండదండీ. దేవుడితో ఆటలా?" నేను రాసి సంతకం పెట్టి తీసుకెళ్ళిన కాగితాన్ని, మీ తృప్తి కోసం ఉంచుతాను లెండి అంటూ చదవకుండా మడిచి పటం వెనక పెట్టారు. గేటు దాకా సాగనంపుతూ, "ఇంకొకళ్ళ తప్పు నెత్తినేసుకునే మనుషులు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ. మీరు నిజంగా మంచివారు," అన్నారు. నాకు అక్కడే నేలలోకి దిగిపోవాలనిపించింది. తిరుపతి లడ్డూ పెడితే కుడిచేత్తో అందుకుని వచ్చేశాను.

సాయంత్రం ఆయమ్మ కూతురు ఫోన్ చేసింది.

"చెప్పారా సార్?"

"చెప్పానమ్మా."

"ఏమన్నారు?"

"నమ్మలేదు. కాగితం రాసిచ్చాను, చదవలేదు. మళ్ళీ వెళ్ళి చెబుతాను."

అటునుంచి మిషను చప్పుడు వినపడుతోంది. ఆ వెనకాల ఎక్కడో ఆయమ్మ ఎవరితోనో మాట్లాడుతోంది.

"అమ్మ నిజం చెప్పినప్పుడూ అంతే కదా సార్," అని కూతురు ఫోన్ పెట్టేసింది.